పాలపొడి, నెయ్యి ఎగుమతి: గిట్టుబాటు ఎక్కడ, అడ్డంకి ఎక్కడ?

పాలకేంద్రం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. రోజుకు 80 వేల లీటర్లు తీసుకునే ప్రైవేటు డెయిరీ తరఫున అడుగుతున్నాను. సేకరణలో గేదె పాలు 60 శాతం, మిగతావి ఆవు పాలు. ప్యాకెట్ పాలు, పెరుగు పోను మిగిలినవి పొడికి, నెయ్యికి వెళ్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పాలు ఎక్కువగా వస్తాయి, సరిగ్గా అప్పుడే పొడి ధర పడిపోతుంది. గోడౌన్‌లో ఆపుకుంటే బ్యాంకు వడ్డీ, ఆపుకోకపోతే నష్టం.

2023-24లో దేశంలో పాల ఉత్పత్తి 23.93 కోట్ల టన్నులు. ప్రపంచంలో దాదాపు నాలుగో వంతు మనదే. ఎగుమతి మాత్రం ఆ ఏడాది 64 వేల టన్నుల ఉత్పత్తులు, విలువ 2,261 కోట్ల రూపాయలు. న్యూజిలాండ్ మన ఉత్పత్తిలో పదో వంతు కూడా తీయదు, అయినా అంతర్జాతీయ ధర అక్కడి నుంచే పలుకుతుంది.

అడగదలచినవి ఇవి. పొడి పంపాలా, నెయ్యి పంపాలా? ధర గిడుతుందో లేదో ముందే తెలుసుకునే లెక్క ఏమిటి? సరుకు తిరస్కరణకు గురయ్యేది ఏ పరీక్షల్లో? మొదట ఏ దేశాల వైపు చూడాలి, కాగితాలు ఏ వరసలో చేయించుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాయగలరు.

---

వెన్నశాతం జవాబు

ముందు ఆ 64 వేల టన్నుల అంకెను ఒక్క ఏడాదిగా చూడకండి. 2018-19లో 1.13 లక్షల టన్నులు వెళ్లాయి, మరుసటి ఏడాది 51 వేలకు పడ్డాయి, 2021-22లో 1.08 లక్షలకు లేచాయి, మళ్లీ దిగాయి. ఇక్కడ పొడి పేరుకుపోయి, బయట ధర బాగున్న ఏడాదే మనం మార్కెట్లో కనిపిస్తాం. ఆ తర్వాత మాయమవుతాం. 2022లో లంపీ స్కిన్ వ్యాధి పశువుల్ని దెబ్బతీసింది. 2023 మొదట్లో పొడి కిలో 300 రూపాయలు దాటింది. ఆ ధరకు బయట కొనేవాడు లేడు. 2024లో అదే పొడి 200, 210 దగ్గరికి వచ్చింది.

దీనికి తోడు ప్రభుత్వ నిర్ణయాలు. 2007 ఫిబ్రవరిలో పాలపొడి ఎగుమతి ఆపేశారు. 2011 ఫిబ్రవరిలో మళ్లీ ఆపి 2012 జూన్‌లో వదిలారు. ఇక్కడ ధరలు పెరిగితే వినియోగదారుడి కోసం తలుపు మూయడం పాలకులకు తేలిక. కానీ బిస్కెట్ ఫ్యాక్టరీకో చాక్లెట్ ఫ్యాక్టరీకో ఏడాది పొడవునా పొడి కావాలి. పదహారు నెలలు సరఫరా ఆగిన దేశాన్ని ఆ కొనుగోలుదారు తన మొదటి వరసలో ఎందుకు పెట్టుకుంటాడు? మన పొడికి న్యూజిలాండ్ పొడి కంటే తక్కువ ధర అడగడానికి నాణ్యత ఒక కారణమైతే, ఈ నిలకడ లేకపోవడం రెండో కారణం.

ఇక లెక్క. పాల ఉత్పత్తుల అంతర్జాతీయ వేలం గ్లోబల్ డెయిరీ ట్రేడ్ రెండు వారాలకోసారి మంగళవారం జరుగుతుంది. అందులో వెన్న తీసిన పాలపొడి ధర టన్ను 2,600 డాలర్లు, డాలరు 88 రూపాయలు అనుకుందాం. ఇవి లెక్క చూపడానికి పెట్టిన అంకెలు, మీరు ఆ వారం ధర వేసుకోండి. కిలో 228.80 అవుతుంది. సంచి, పోర్టు దాకా లారీ, పరీక్షలు, పోర్టు ఖర్చులు, డబ్బు వచ్చేదాకా వడ్డీ కలిపి కిలోకు 10 రూపాయలు తీసేస్తే ప్లాంటు గేటు దగ్గర 219. కొనేవాడు డిస్కౌంటు అడిగితే అదీ తీసేయండి.

ఇప్పుడు 100 కిలోల ఆవు పాలు, 3.5 శాతం వెన్న, 8.5 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు). నష్టాలు పోను పొడి 8.7 కిలోలు, నెయ్యి 3.4 కిలోలు వస్తాయి. పొడి 219 చొప్పున 1,905. నెయ్యి టోకున 560 అనుకుంటే 1,904. మొత్తం 3,809. పొడి ఆడించడానికి కిలోకు 25, నెయ్యికి కిలోకు 20 వేస్తే 286 పోయింది. సేకరణ, చిల్లింగ్, ట్యాంకరు పాలు కిలోకు మూడున్నర వేస్తే 350. మిగిలేది 3,173. అంటే రైతుకు కిలోకు 31 రూపాయల 70 పైసలు ఇస్తే మీకు సున్నా లాభం. అంతకంటే ఎక్కువ ఇస్తున్నట్టయితే ఆవు పాలపొడి ఎగుమతి ఆలోచన ఆ వారానికి పక్కన పెట్టాలి.

అదే లెక్క గేదె పాలకు వేయండి. 6.5 వెన్న, 9 ఎస్‌ఎన్‌ఎఫ్. పొడి 9.2 కిలోలు, 2,015 రూపాయలు. నెయ్యి 6.3 కిలోలు, 3,528 రూపాయలు. ఆవు పాలలో విలువ సగం పొడిలో, సగం కొవ్వులో ఉంది. గేదె పాలలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువగా కొవ్వులోనే ఉంది. మీ సేకరణ 60 శాతం గేదె అన్నారు కాబట్టి మీ ఎగుమతి సరుకు నెయ్యి, పొడి కాదు.

ప్రపంచ మార్కెట్ కూడా అటే మొగ్గింది. 2013లో వేలంలో వెన్న, పొడి టన్ను ధరలు దాదాపు పక్కపక్కనే ఉండేవి. 2025 మే నెలలో వెన్న టన్ను 8 వేల డాలర్ల అంచుకు వెళ్లింది, పొడి 3 వేల లోపే ఉంది. ఏడాది చివరికి వెన్న బాగా దిగింది, కానీ పొడికి, కొవ్వుకు మధ్య దూరం పోలేదు. యూరప్, అమెరికాల్లో జనం మార్జరిన్ వదిలి వెన్నకు తిరిగి రావడం దీని వెనుక ఉన్న పెద్ద కారణం. అది రాత్రికి రాత్రి తిరగబడేది కాదు.

ఒక హెచ్చరిక. నెయ్యికి ఇంటి మార్కెట్ కూడా బలంగానే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్న, చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి వచ్చింది. పండగల ముందు ఇక్కడి ధరే బయటి ధరను మించుతుంది. సంవత్సరమంతా పంపుతామని మాట ఇచ్చే ముందు, ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇంట్లో ఎక్కువ ధర వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారా అని యాజమాన్యాన్ని అడగండి. ఆ నాలుగు నెలలూ సరుకు ఇవ్వలేకపోతే కొత్త కొనుగోలుదారుడు రెండో ఏడాది ఉండడు.

---

క్యూసీ_బెంచి జవాబు

పై లెక్క సరైనదే. కానీ మన ఇంటి నెయ్యిని యథాతథంగా డబ్బాలో పోసి పంపితే అది వెనక్కి వస్తుంది. కారణం ఒకే అంకె: ఫ్రీ ఫ్యాటీ యాసిడ్, అంటే కొవ్వు విరిగి విడిపోయిన ఆమ్లం.

మన ప్రభుత్వ నాణ్యత ముద్ర అగ్‌మార్క్ స్పెషల్ గ్రేడుకు అది 1.4 శాతం దాకా, జనరల్ గ్రేడుకు 2.5 దాకా ఉండొచ్చు. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్‌లో నెయ్యికి 0.4 శాతమే. పెరాక్సైడ్ విలువ (కొవ్వు కనరెక్కడాన్ని చూపే కొలత) 0.6 దాటకూడదు, పాల కొవ్వు 99.6 శాతం తగ్గకూడదు, రాగి కిలోకు 0.05 మి.గ్రా., ఇనుము 0.2 మి.గ్రా. లోపు. ఇక్కడ స్పెషల్ గ్రేడు సీలు పడ్డ లాటు అక్కడ మూడు రెట్లు పైన ఉన్నట్టు లెక్క.

0.4 సాధించడం నెయ్యి కాచే బాయిలర్ దగ్గర జరిగే పని కాదు, క్రీమ్ దగ్గర జరిగే పని. పాలు చల్లబడకముందే పులిసినా, పంపులో ఎక్కువగా చిలికినట్టయినా కొవ్వు గోళీ పొర చిరిగి లైపేజ్ (కొవ్వును విరిచే ఎంజైమ్) పని మొదలుపెడుతుంది. ఒకసారి విడిపోయిన యాసిడ్‌ను మామూలు కాచుడుతో తీయలేం. కాబట్టి:

ఎగుమతి లాటుకు వేరే క్రీమ్ ట్యాంకు పెట్టండి. తిరిగి వచ్చిన ప్యాకెట్ పాల క్రీమ్, పులిసిన పాల క్రీమ్, బయట కొన్న ఊరి వెన్న అందులో ఒక్క కిలో కూడా కలవకూడదు. చాలా చోట్ల లాటు చెడేది ఇక్కడే, ఎందుకంటే నెలాఖరున మిగిలిన క్రీమ్ ఎక్కడో ఒకచోట పడేయాలి కదా అని సూపర్‌వైజర్ అందులో కలిపేస్తాడు. క్రీమ్‌ను 40 నుంచి 45 శాతం కొవ్వుతో తీసి, ఆలస్యం చేయకుండా 85 నుంచి 90 డిగ్రీల్లో పాశ్చరైజ్ చేయండి, 5 డిగ్రీల లోపుకు దించండి, 24 గంటల్లో వెన్న తీసేయండి. కాచేటప్పుడు 110 నుంచి 115 డిగ్రీలు చాలు. అడుగున చేరే మడ్డి మాడితే రంగు, వాసన రెండూ చెడతాయి.

రాగి సంగతి. పాత లైనులో ఒక్క ఇత్తడి వాల్వు ఉన్నా పెరాక్సైడ్ విలువ నెలలోనే ఎక్కుతుంది. నెయ్యి తగిలే ప్రతి ఫిట్టింగూ స్టెయిన్‌లెస్ స్టీలేనా అని పైపు వెంట నడిచి చూడండి, గేజ్ కాక్‌లు, శాంపుల్ కాక్‌లు కూడా. డబ్బా నింపేటప్పుడు పైన ఖాళీ తక్కువగా ఉంచి నైట్రోజన్ కొట్టండి. లోడింగ్ రోజు పెరాక్సైడ్ 0.5 ఉన్న సరుకు రేవు దాటి వెళ్లేసరికి 0.6 మించుతుంది, అందుకని లోపలి హద్దు 0.3 పెట్టుకోవడం మంచిది.

పూస గురించి కూడా ఒప్పందంలో రాయించుకోండి. 28 డిగ్రీల దగ్గర నిదానంగా చల్లార్చితే మంచి పూస కడుతుంది. అదే డబ్బా వేసవిలో కంటైనర్‌లో కరిగి, అవతల ఏసీ గోడౌన్‌లో గబుక్కున గడ్డకడితే పైన నూనె, కింద గట్టి పొర. సరుకు చెడలేదు, కానీ కొనేవాడు కల్తీ అనుకుంటాడు.

కల్తీ అనుమానం ఇంకో దారిలోనూ వస్తుంది. బయటి ల్యాబులు ట్రైగ్లిజరైడ్లను గ్యాస్ క్రొమటోగ్రఫీలో చూసి ఐఎస్ఓ 17678 ప్రకారం స్వచ్ఛత తేలుస్తాయి. ఆ పద్ధతి ఆవు పాల కొవ్వు మీద కట్టింది. గేదె కొవ్వు, అందులోనూ పత్తి గింజల చెక్క బాగా తిన్న గేదె కొవ్వు, ఆ హద్దుల్లో ఇమడకపోవచ్చు. పత్తి చెక్క మేత వల్ల ఆర్‌ఎం విలువ (పాల కొవ్వులోని ఆవిరయ్యే ఆమ్లాలను చూపే అంకె) పడిపోవడం మనకు తెలిసిందే. అందుకని 'గేదె నెయ్యి' అని లేబుల్ మీదా, కాంట్రాక్టులోనూ స్పష్టంగా ఉండాలి. కల్తీ తేల్చడానికి ఏ పరీక్ష పాటించాలో కూడా ముందే రాసుకోవాలి. బీటా సైటోస్టెరాల్ పరీక్ష వనస్పతి నూనెల కల్తీకి నమ్మదగినది, అది మీ వైపు నుంచి జత చేయండి.

పొడి పంపాలనుకుంటే అసలు గండం ఆఫ్లాటాక్సిన్ ఎం1, అంటే మేతలోని బూజు విషం (బీ1) పశువు ఒంట్లో మారి పాలలోకి వచ్చే రూపం. ఇక్కడ, కోడెక్స్‌లో, అమెరికాలో హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాములు. యూరప్‌లో 0.05. పది రెట్లు తేడా. ఇది ఎక్కడి నుంచి వస్తుందో లెక్క చూడండి. దాణాకు మన బీఐఎస్ ప్రమాణం ఆఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు ఒప్పుకుంటుంది. పశువు రోజుకు 5 కిలోల దాణా తింటే 100 మైక్రోగ్రాములు లోపలికి వెళ్లాయి. అందులో 2 శాతం పాలలోకి వస్తుందనుకుంటే 2 మైక్రోగ్రాములు. పది లీటర్లు ఇచ్చే పశువైతే లీటరుకు 0.2. మన దగ్గర పాసు, యూరప్‌లో నాలుగు రెట్లు ఫెయిలు. యూరప్ దాణా హద్దు 5 మైక్రోగ్రాములు. అదే లెక్కలో లీటరుకు సరిగ్గా 0.05 వస్తుంది. వాళ్ల రెండు హద్దులూ ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి, మనవి కావు.

బూజు పట్టిన వేరుశనగ చెక్క, పత్తి చెక్క, తడిసిన మొక్కజొన్న దీనికి మూలం. వానాకాలం తర్వాత ఎక్కువ. మేత ఆపితే మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి, కాబట్టి దిద్దుకోగల లోపమే. ఇది కేసిన్ అనే పాల ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది, కొవ్వులోకి చాలా తక్కువ వెళ్తుంది. పొడిలో, చీజ్‌లో చిక్కబడుతుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. నెయ్యి వైపు మొగ్గడానికి ఇది ఇంకో కారణం.

యాంటీబయోటిక్స్ మాట. యూరప్‌లో పెన్సిలిన్ హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. పొదుగువాపుకు ఎక్కించే ట్యూబులో 200 మి.గ్రా. మందు ఉండి, దాంట్లో పదో వంతు పాలలోకి వచ్చినా 20 మి.గ్రా. అది 5 వేల లీటర్లను హద్దు దాకా తీసుకెళ్తుంది. ఒక గేదె, ఒక పూట, ఒక బీఎంసీ (ఊళ్లలో పాలు చల్లబరిచే కేంద్రం) మొత్తం పోయింది. ట్యాంకరు దగ్గర పరీక్షిస్తే పాలు పారబోయడం తప్ప చేయగలిగింది ఉండదు. మందు ఎక్కించిన పశువు పాలు ఆ గడువు దాకా వేరుగా ఉంచితే రైతుకు అదే ధర ఇచ్చే ఏర్పాటు ఉంటేనే అతను చెప్తాడు.

---

పాలకేంద్రం అడిగారు

చాలా ఉపయోగపడే లెక్కలు, ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. గాలికుంటు వ్యాధి ఉన్న దేశమని మన సరుకు ఆపుతారంటారు, నెయ్యికి కూడా వర్తిస్తుందా? యూరప్‌ను పూర్తిగా మరచిపోవాలా?

---

రేవుదారి జవాబు

గాలికుంటు విషయంలో నెయ్యికి దారి తేలిక. అమెరికా పశు ఆరోగ్య నిబంధనల్లో వెన్న, బటర్ ఆయిల్, గట్టి చీజ్ వంటివాటికి ఆ వ్యాధి ఆంక్షల నుంచి మినహాయింపు ఉంది. పొడికి, పాలకు మాత్రం వేడి చికిత్స నిరూపించాలి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కోడ్ ప్రకారం 132 డిగ్రీల్లో కనీసం ఒక సెకను, లేదా పీహెచ్ 7 లోపు ఉన్న పాలకు 72 డిగ్రీల్లో 15 సెకన్లు, పీహెచ్ 7 గానీ అంతకు పైన గానీ ఉంటే అదే రెండుసార్లు. పాశ్చరైజర్ చార్టు రికార్డులు లాటు నంబరుతో సహా దాచకపోతే ఇది రుజువు చేయలేరు. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఆరు నెలలకోసారి టీకా వేస్తున్నారు. లక్ష్యం 2030 నాటికి వ్యాధిని తుడిచిపెట్టడం. వ్యాధి లేదన్న గుర్తింపు ప్రాంతాలవారీగా వచ్చినా చాలు, పొడికి, చీజ్‌కు తలుపులు తెరుచుకుంటాయి. డెయిరీలు దీన్ని పశుసంవర్ధక శాఖ పని అని వదిలేయడం పొరపాటు. టీకా బృందాలతో పాటు మీ సేకరణ ఏజెంటు తిరిగితే చెవి ట్యాగులు, టీకా తేదీలు మీ రికార్డులోకి వస్తాయి.

యూరప్ ఇప్పట్లో వద్దు. అక్కడ ముందు దేశం జాబితాలో ఉండాలి, దేశపు అవశేష పర్యవేక్షణ ప్రణాళిక ఆమోదం పొందాలి, ఆ తర్వాతే ప్లాంటు పేరు చేరుతుంది. ఒక్క డెయిరీ తన ఖర్చుతో దాటగల గోడ కాదు. చైనాకు 2022 జనవరి 1 నుంచి వాళ్ల కస్టమ్స్ శాఖలో ప్లాంటు నమోదు తప్పనిసరి. అమెరికాలో తనిఖీ కంటే సుంకం పెద్ద సమస్య: కోటా బయట నెయ్యికి కిలోకు 1.865 డాలర్లు, పైన విలువ మీద 8.5 శాతం మామూలు సుంకమే ఉంది. అమూల్ 2024లో మిషిగన్ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంతో కలిసి అక్కడి పాలతోనే అక్కడ తాజా పాలు అమ్మడం మొదలుపెట్టింది. బ్రాండుకు అది మంచి దారి, కానీ మన రైతు పాలకు ఎగుమతి కాదది.

కాబట్టి మొదట గల్ఫ్. యూఏఈ, సౌదీ మన పాత గిరాకీ ఉన్న చోట్లు, సముద్ర ప్రయాణం చిన్నది, నెయ్యి తెలిసిన జనం. తర్వాత సింగపూర్, భూటాన్. గల్ఫ్‌లో లేబుల్ అరబిక్‌లో ఉండాలి, తయారీ తేదీ, గడువు తేదీ డబ్బా మీదే ముద్రించాలి. తేదీలను స్టిక్కర్‌గా అంటిస్తే కస్టమ్స్ ఆపుతుంది.

కాగితాల వరస ఇది, వరస తప్పితే నెలలు పోతాయి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్). తర్వాత వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడాలో ఆర్‌సీఎంసీ (సభ్యత్వ నమోదు పత్రం). ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ సెంట్రల్ లైసెన్సు, రోజుకు 50 వేల లీటర్లు దాటిన ప్లాంటు కాబట్టి మీకు ఉండే ఉంటుంది; అందులో ఎగుమతి చేసే ప్రతి ఉత్పత్తి పేరు ఉందో లేదో చూడండి. ఆ పైన అసలు పని: ఎగుమతి తనిఖీ మండలి కింద ప్లాంటు ఆమోదం. మన వైపు చెన్నై ఏజెన్సీ చూస్తుంది. హ్యాసప్ (ఆహార ప్రమాదాల నియంత్రణ) పత్రాలు, ప్లాంటు లేఅవుట్, నీటి పరీక్షలు, సిబ్బంది ఆరోగ్య రికార్డులు, పాలు ఏ ఊరి నుంచి వచ్చాయో చెప్పే సేకరణ రికార్డు ఇవన్నీ సమర్పించాక ప్యానెల్ వచ్చి చూస్తుంది. చాలామంది తడబడేది యంత్రాల దగ్గర కాదు, సేకరణ రికార్డు దగ్గర. ఏజెంట్ల ద్వారా వచ్చే పాలకు ఊరు, పశువుల సంఖ్య, దాణా వివరం ఉండవు. ప్యానెల్ ఏదో ఒక లాటు నంబరు చూపించి ఇది ఏ బీఎంసీల పాలు అని అడుగుతుంది. పది నిమిషాల్లో చెప్పగలిగితే సగం పని అయినట్టే.

సరుకు వెళ్లేటప్పుడు హెల్త్ సర్టిఫికెట్ అదే ఏజెన్సీ ఇస్తుంది. ఐజీఎస్టీ కట్టకుండా పంపాలంటే ముందుగా ఎల్‌యూటీ (హామీ పత్రం) వేసుకోండి. షిప్పింగ్ బిల్లులో రోడ్‌టెప్ (ఎగుమతి సరుకు మీద పడ్డ పన్నుల వాపసు) క్లెయిమ్ చేస్తున్నట్టు ప్రకటించకపోతే తర్వాత అడిగినా రాదు. నెయ్యి టారిఫ్ కోడ్ 0405 90 20. వెన్న కోడ్ 0405 10 కిందకు పొరపాటున వేస్తే అవతలి సుంకం మారిపోతుంది.

నెయ్యికి మామూలు 20 అడుగుల కంటైనర్ చాలు. వెన్న అయితే మైనస్ 18 డిగ్రీల రీఫర్ (శీతల కంటైనర్) కావాలి, ఖర్చు వేరే స్థాయి. పొడికి 25 కిలోల క్రాఫ్ట్ కాగితం సంచి, లోపల పాలిథిన్ లైనర్. కంటైనర్ లోపల రాత్రి చెమట పట్టి పైకప్పు నుంచి నీళ్లు కారి పై వరస సంచులు గడ్డకడతాయి, కాబట్టి గోడలకు కాగితం, తేమ పీల్చే సంచులు కట్టాలి. లోడు చేసే ముందు కంటైనర్‌లో తలుపు మూసి నిలబడండి: వెలుతురు కనిపిస్తే రంధ్రం ఉంది, చేపలు, మసాలా వాసన వస్తే వెనక్కి పంపండి. కొవ్వు వాసనను పట్టేస్తుంది. ఆంధ్ర వైపు వాళ్లకు విశాఖ, చెన్నై రేవులు. తెలంగాణ వాళ్లు సనత్‌నగర్ డిపో నుంచి రైలులో ముంబై వైపు నవాశేవాకు పంపుకోవచ్చు.

డబ్బు సంగతి: కొత్త కొనుగోలుదారైతే ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ), లేదంటే కాగితాలు బ్యాంకు ద్వారా, ఈసీజీసీ (ఎగుమతి రుణ బీమా సంస్థ) పాలసీతో. ఎల్‌సీలో పరీక్ష నివేదిక ఏ ల్యాబుదో, శాంపుల్ ఎక్కడ తీయాలో రాయించుకోండి. లోడింగ్ దగ్గర తీసిన శాంపులే అంతిమం అని ఉంటే మీరు భద్రం. అవతలి రేవులో తీసింది అంతిమం అయితే 45 రోజుల పెరాక్సైడ్ పెరుగుదల మీ నెత్తిన.

---

గడ్డివామి జవాబు

పై ముగ్గురితో ఒక చోట విభేదిస్తాను. ఎగుమతిని మిగులు సరుకు బయటపడేసే మార్గంగా చూసినంత కాలం ఇది నిలబడదు. 2018లో పొడి కొండలా పేరుకుపోయినప్పుడు కేంద్రం ఎంఈఐఎస్ అనే ఎగుమతి పథకం కింద ప్రోత్సాహాన్ని 20 శాతానికి పెంచింది, గుజరాత్, మహారాష్ట్ర కిలోకు 50 రూపాయలు ఇచ్చాయి. అందుకే 2018-19లో 1.13 లక్షల టన్నులు కదిలింది. మరుసటి ఏడాది సగానికి పడింది. ఎంఈఐఎస్ 2020 డిసెంబరు 31తో పోయింది, 2015 నైరోబి నిర్ణయం తర్వాత వ్యవసాయ ఎగుమతి సబ్సిడీలకు ప్రపంచ వాణిజ్య సంస్థలో చోటు తగ్గింది. అలాంటి సాయం మళ్లీ వస్తుందని మీ లెక్కలో వేసుకోకండి.

ఇంకొక మాట. 2019 నవంబరులో ఆర్‌సెప్ (ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) నుంచి మనం బయటికి రావడానికి పాడి రైతు భయం ఒక ముఖ్య కారణం, అది న్యాయమైన భయం. పొడి దిగుమతి మీద 60 శాతం, వెన్న మీద 40, చీజ్ మీద 30 శాతం సుంకం మన చిన్న రైతును కాపాడుతోంది. రెండు మూడు పశువులున్న ఇల్లు న్యూజిలాండ్ పచ్చిక బయలుతో ధరలో పోటీ పడలేదు. కానీ మన తలుపు మూసి ఉంచి అవతలి తలుపు తెరవమని అడగడం చర్చల్లో కష్టం. అందుకని సుంకం తగ్గింపు మీద ఆధారపడని సరుకులే ఎంచుకోవాలి: గేదె నెయ్యి, గేదె పాల పనీర్, మిఠాయిలకు వాడే కోవా. ఇవి న్యూజిలాండ్ చేయదు. గడ్డకట్టించిన పనీర్‌కు రీఫర్ ఖర్చు ఉంటుంది నిజమే, అయినా కిలో విలువ ఆ ఖర్చును మోస్తుంది.

పాల ధర పెంచడం ఎలా అని కాకుండా, పశువు దిగుబడి ఎలా పెంచాలని కూడా చూడాలి. 2023-24 ప్రభుత్వ లెక్కల్లో సంకరజాతి ఆవు సగటు రోజుకు 8.12 కిలోలు, దేశవాళీ ఆవు 4.01 కిలోలు. మేత ఖర్చు పశువు బతకడానికే సగం పోతే లీటరు ధర తగ్గదు. అది తగ్గకపోతే వెన్నశాతం గారి 31 రూపాయల 70 పైసల దగ్గరే మనం ఆగిపోతాం.

---

వెన్నశాతం జవాబు

గడ్డివామి గారూ, సబ్సిడీ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. పనీర్ విషయంలో ఒక షరతు: పనీర్ తీసిన విరుగుడు నీటికి దారి ఉండాలి. 100 కిలోల పాలకు దాదాపు 80 కిలోలు విరుగుడే. దాన్ని కాలువలో వదిలితే కాలుష్య నియంత్రణ మండలి ఊరుకోదు, ఎండబెట్టాలంటే ఆ యంత్రానికి పెద్ద పరిమాణం కావాలి. రోజుకు 80 వేల లీటర్ల ప్లాంటుకు అది ఇప్పుడే గిట్టదు.

పాలకేంద్రం గారూ, మొదటి ఏడాది ఇలా చేయండి. మీ మార్గాల్లో దాణా ఒకే రకంగా వాడే, పాలు రెండు గంటల్లో బీఎంసీకి చేరే రెండు మూడు రూట్లు ఎంచుకోండి. ఆ రూట్ల గేదె క్రీమ్‌ను మాత్రమే వేరు ట్యాంకులో పెట్టి నెల నెలా ఒక లాటు నెయ్యి తీయండి. ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ 0.4 లోపు వస్తుందా, ఏ నెలలో తప్పుతోంది, ఆ నెలలో మేత ఏమిటి అని పన్నెండు లాట్లకూ పట్టిక రాయండి. ప్రతి లాటు నుంచి నాలుగు డబ్బాలు గది ఉష్ణోగ్రతలోనే ఉంచి 30, 60, 90 రోజులకు పెరాక్సైడ్ చూడండి, నాలుగోది ఆరు నెలలకు తెరవండి. ఎగుమతి తనిఖీ ఆమోదానికి దరఖాస్తు ఈలోగా నడుస్తుంది. కొనుగోలుదారుడి ముందు ఆ పట్టిక పెడితే ధర మీద మాట్లాడే అధికారం మీకు ఉంటుంది. పట్టిక లేకపోతే అతను చెప్పిన డిస్కౌంటే ఖాయం.

---

క్యూసీ_బెంచి జవాబు

ఆ పట్టికలో ఆర్‌ఎం, బీఆర్ (కొవ్వులో కాంతి వంగే తీరును చూపే అంకె) విలువలు కూడా చేర్చండి. పత్తి చెక్క ఎక్కువ మేపే నెలల్లో ఆర్‌ఎం 28కి దగ్గరగా దిగితే ఆ లాటును ఎగుమతికి కాకుండా ఇక్కడే అమ్మేయండి. టైట్రేషన్‌కు ఆల్కహాల్‌ను ముందు తటస్థం చేయడం మరచిపోతే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ 0.1 దాకా ఎక్కువ చూపిస్తుంది. 0.4 హద్దు దగ్గర ఆ తేడా మంచి లాటును కూడా ఫెయిల్ చేస్తుంది.